వారంలో గంట మాది, మిగతాదంతా మీది

(చిత్తూరులో, శారీరక వైకల్యం ఉన్నవారి కుటుంబాలు కలిసిన ఒక సభలో ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగం. మాట తీరు చెడకుండా కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు తీసేసి వీల్‌చైర్లకి చోటు చేసిన కుర్రాళ్ళకి ముందుగా థాంక్స్. చాలా సభల్లో వీల్‌చైర్‌లో వచ్చినవాళ్ళని ఎక్కడో తలుపు దగ్గర, ఫ్యాను గాలి తగలని చోట పెడతారు. మాట్లాడేది వాళ్ళ గురించే అయినా సరే.

మా క్లినిక్‌లో ఏం చేస్తామో చెప్పమని పిలిచారు. సామాను సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. ఒక హాలు, నేల మీద మ్యాట్‌లు, రెండు పక్కలా పట్టుకుని నడిచే ఇనప కమ్మీలు, పిల్లల్ని నిలబెట్టే స్టాండు, పెద్ద రబ్బరు బంతులు. పక్క గదిలో స్ప్లింట్లు, అంటే కాలూ చెయ్యీ వంకరపోకుండా పట్టి ఉంచే తొడుగులు, చేస్తారు. అంతే. ఇందులో ఏ వస్తువుకీ మహత్తు లేదు. కానీ చాలామంది బిడ్డని మా చేతికిచ్చి, బైకు సర్వీసింగుకి ఇచ్చినట్టు బయట బెంచీ మీద కూర్చుంటారు. గంట తరవాత వచ్చి, "అయిపోయిందా మేడమ్?" అని తీసుకెళ్తారు.

వారానికి 168 గంటలు. అందులో బిడ్డ మా దగ్గరుండేది గంటో, రెండో. ఆ గంటలో నేను కాలు ఎంత సాగదీసినా, మిగతా 167 గంటలు అది మంచం మీద ముడుచుకునే ఉంటే నా పని నీళ్ళలో పోసిందే. అందుకని ఈరోజు మా పని గురించి తక్కువ, మీ పని గురించి ఎక్కువ మాట్లాడతాను. కోప్పడకండి.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు. మనవాళ్ళు సి.పి. పిల్లలు అంటారు. ఎదుగుతున్న మెదడుకి కడుపులో ఉండగానో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో దెబ్బ తగలడం వల్ల వస్తుంది. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, పసికామెర్లు బాగా ముదరడం, మెదడుకి ఇన్ఫెక్షన్ సోకడం, ఇవి కారణాలు. కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదు. అలాంటి ఇళ్ళలో మాత్రం కారణం ఎప్పుడో దొరికిపోయి ఉంటుంది: గ్రహణం రోజు కోడలు కత్తిపీట ముట్టుకుంది! ఇక్కడున్న అత్తగార్లకి ఒక్క మాట. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ అమ్మాయికి ఇప్పటికే ఒంటి చేత్తో బిడ్డని ఎత్తడమే సరిపోతోంది, నింద కూడా ఎత్తమనకండి.

మెదడుకి తగిలిన ఆ దెబ్బ పెరగదు. పెరిగేది బిడ్డ. ఎముక పొడుగవుతుంది, బిగుసుకున్న కండరం దానితో సమానంగా సాగదు. పోయినేడాది మడమ నేలకి ఆనిన పిల్లవాడు, వేసవి సెలవుల్లో రెండంగుళాలు పొడుగయ్యేసరికి మునివేళ్ళ మీద నిలబడతాడు. జబ్బు ముదిరిందని మీరు కంగారుపడతారు. ముదరలేదు, కండరం వెనకబడింది. దాన్ని వెనకబడకుండా చూడడమే మనందరి పని.

"నడుస్తాడా మేడమ్?" ఇది ప్రతి తల్లీ అడిగే మొదటి ప్రశ్న. తప్పించుకునే జవాబు చెప్పడం నాకిష్టం లేదు. కొంతవరకు ముందే చెప్పొచ్చు. రెండేళ్ళ వయసుకి ఎవరి ఆసరా లేకుండా కూర్చోగలిగిన బిడ్డకి నడక వచ్చే అవకాశం బాగా ఎక్కువ. 1997లో కెనడా పరిశోధకులు ఈ పిల్లల కదలికలని ఐదు స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయి పిల్లలు పరిగెత్తుతారు, కాకపోతే తూలుతారు. ఐదో స్థాయిలో మెడ నిలపడమే కష్టం. మొదటి స్థాయి పిల్లలు కూడా ఐదేళ్ళు వచ్చేసరికి, కూర్చోవడం, నిలబడడం, నడవడం లాంటివాటిలో చేరుకోగలిగినదాంట్లో సుమారు 90 శాతం చేరిపోతారు. మిగతా స్థాయిల వాళ్ళు ఇంకా ముందే. అంటే "పెద్దయితే అదే వస్తుందిలే, వాళ్ళ నాన్నకీ నడక ఆలస్యంగానే వచ్చింది" అని కూర్చుంటే పోయేది బంగారం లాంటి కాలం. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోతే, తొమ్మిది నెలలకీ కూర్చోకపోతే, ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేయి పిడికిలి బిగించి ఉంటే, కాళ్ళు కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి పడుతుంటే వెంటనే చూపించండి. ఏడాది లోపు పిల్లల్లో ఎడమచేతివాటం, కుడిచేతివాటం అని ఉండవు.

నాలుగు, ఐదు స్థాయిల పిల్లల తల్లులకి నేను ఇంకో ప్రశ్న వేస్తాను. వచ్చే దసరాకి మీవాడు తనంతట తాను ఏం చేస్తే మీకు రోజు తేలికవుతుంది? మొదట అర్థం కాదు. తరవాత ఒక్కొక్కరు చెబుతారు. "నేను అన్నం వండుతుంటే పక్కన కూర్చుంటే చాలు." "బాత్‌రూమ్ వస్తోందని సైగ చేస్తే చాలు." "పక్కకి తిప్పుతుంటే నా మెడ పట్టుకుంటే చాలు, నడుం పోతోంది మేడమ్." ఇవి చిన్న కోరికలు కావు. మెడ పట్టుకోవడం నేర్పితే ఆ తల్లి నడుం ఇంకో పదేళ్ళు మిగులుతుంది. మా దగ్గర థెరపీ అంటే అలాంటి ఒక్క పనిని పట్టుకుని, ముక్కలు చేసి, రోజూ చేయించడం.

తిండి సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికొచ్చేది అక్కడే. మనకి బిడ్డని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉగ్గు పోయడం అలవాటు. మింగడం సరిగా రాని సి.పి. బిడ్డకి ఐదేళ్ళొచ్చినా అలాగే పోస్తారు. తల వెనక్కి వాలితే ముద్ద గొంతులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నెలకోసారి నెమ్ము చేసి ఆసుపత్రిలో పడుతున్నాడంటే చాలాసార్లు కారణం చలిగాలి కాదు, పడుకోబెట్టి తినిపించడం. నిటారుగా కూర్చోబెట్టండి. తల కొంచెం ముందుకి, గడ్డం కొంచెం కిందికి. పల్చటి నీళ్ళకంటే చిక్కటి జావ మింగడం సులువు. స్పూనుతో కొంచెం కొంచెం. మింగాడని చూశాకే రెండో స్పూను. తింటుంటే దగ్గు, పొలమారడం ఉంటే తప్పకుండా చూపించండి. అసలు ఏ దగ్గూ లేకుండా ఊపిరితిత్తుల్లోకి పోయే పిల్లలూ ఉంటారు, అందుకని నెమ్ము పదేపదే వస్తే తిండి తీరు చూపించకుండా వదలకండి.

కూర్చోబెట్టడానికి ఖరీదైన కుర్చీ అక్కర్లేదు. గది మూలలాగా రెండు చెక్కలు కలిసేట్టు, ముందు చిన్న బల్ల వచ్చేట్టు మీ ఊరి వడ్రంగి చేసిపెడతాడు. కొలతలు మేమిస్తాం. పాదాలు గాలిలో వేలాడకూడదు, కింద పీట ఉండాలి. కాళ్ళ మధ్య దిండో, చుట్టిన దుప్పటో పెట్టి ఎడంగా ఉంచాలి. ఇది కూర్చోడం కోసమే కాదు, తుంటి కోసం. సి.పి. పిల్లల్లో మూడో వంతు మందికి తుంటి కీలు మెల్లగా పక్కకి జారుతుంది. నొప్పి వచ్చేదాకా తెలీదు, వచ్చాక పెద్ద ఆపరేషనే. అందుకే నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయిస్తాం. "బాగానే ఉన్నాడు కదా, ఎందుకు మేడమ్ డబ్బులు దండగ" అనకండి.

స్ప్లింటు గురించి చెప్పకుండా ఉండలేను. కొలతలు తీసి, పోతపోసి, కాలికి సరిగ్గా అమరేట్టు చేసిచ్చిన స్ప్లింటు అటక మీద దొరుకుతుంది. ఎందుకు వేయలేదంటే "ఎర్రగా కందింది మేడమ్". కందితే పనికిరాదని కాదు. విప్పాక అరగంటలో ఎరుపు పోతే పరవాలేదు. పోకపోతే, పుండు పడేట్టుంటే, దాన్ని తీసుకురండి, వేడి చేసి సరిచేస్తాం. పిల్లవాడు పెరుగుతాడు కాబట్టి ఏడాదికొకసారి మార్చాల్సిందే. వంకర పాదాలతో పుట్టిన పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. పోన్‌సెటి అనే వైద్యుడి పద్ధతిలో వారంవారం కట్టు మారుస్తూ పాదం తిప్పుతారు. చాలామందికి ఐదారు కట్లతో, మడమ దగ్గర చిన్న కోతతో పాదం చక్కగా వస్తుంది. ఆ తరవాత ఒక కమ్మీకి బిగించిన బూట్లు మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్ళ దాకా నిద్రలో వేయాలి. పాదం చక్కబడింది కదా అని బూట్లు మానేస్తే మళ్ళీ వంకర తిరుగుతుంది. అందరూ మానేసేదీ అక్కడే.

ఇక పెద్దవాళ్ళు. మన జిల్లాలో వెన్నుపూస దెబ్బలంటే రోడ్డు ప్రమాదాలు, ఆ తరవాత చెట్లు. చింతకాయ దులపడానికి, మామిడికాయ కోయడానికి ఎక్కి కొమ్మ విరిగి పడడం. తెలంగాణలో తాడిచెట్టు మీంచి పడే గీత కార్మికుల బాధ ఎంత పెద్దదంటే, 2024 జూలైలో అక్కడి ప్రభుత్వం వాళ్ళకి తాళ్ళు, పట్టీలతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మామిడి తోటల్లో అలాంటిది ఎవరూ ఆలోచించడం లేదు. ఎవరైనా పడితే దయచేసి ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్ళు పట్టుకుని ఆటోలో కుక్కకండి. కదపకుండా ముందు 108కి ఫోన్ చేయండి. కదపక తప్పకపోతే తల, మెడ, నడుం ఒక్క వరసలో కదలకుండా తలుపు రెక్క మీదికో, బల్ల మీదికో చేర్చండి.

నడుం కింద స్పర్శ పోయినవాళ్ళని చంపేది వెన్నుపూస దెబ్బ కాదు, పుండు, ఇంకా మూత్రం ఇన్ఫెక్షన్. స్పర్శ లేనివాడికి కదలాలనిపించదు. మనం నిద్రలో కూడా పక్కకి తిరుగుతాం, వాళ్ళు తిరగరు. రాత్రి రెండు గంటలకొకసారి తిప్పాలి. వీల్‌చైర్‌లో పావుగంట, ఇరవై నిమిషాలకొకసారి చేతుల మీద బరువేసి పిరుదులు లేపాలి. రోజూ అద్దంతో తుంటి, మడమలు, వీపు కింద చూసుకోవాలి. మూత్రాన్ని శుభ్రమైన చేతులతో, శుభ్రమైన గొట్టంతో నాలుగైదు గంటలకొకసారి తీసుకోవడం నేర్పుతాం. సిగ్గుపడి, ఎవర్నో పిలవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు ఎంతోమంది. వాళ్ళకే కిడ్నీలు పోతాయి.

మనకి వేలూరు పక్కనే. ఇక్కడివాళ్ళలో సగం మంది చిన్నప్పుడో పెద్దప్పుడో అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళే. అక్కడ మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ ఉండేవారు. 1954 జనవరిలో వాహన ప్రమాదంలో ఆవిడ వెన్నుపూస దెబ్బతిని నడుం కింద కదలిక పోయింది. అప్పటికి యువ డాక్టరు. కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకి ఆపరేషన్లు చేయడంలో పేరున్న డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడే ఉన్నారు. ఆ ఆపరేషన్లు కూర్చుని చేయొచ్చు. ఆవిడ వీల్‌చైర్‌లో కూర్చునే వాటిని నేర్చుకుని చేశారు. తరవాత అమెరికా వెళ్ళి పునరావాస వైద్యం చదువుకుని తిరిగొచ్చారు. 1966లో వేలూరులో పునరావాస సంస్థ తెరిచారు. రోగిని కొన్ని వారాలు అక్కడే ఉంచుకుని మళ్ళీ బతుకు నేర్పే అలాంటి చోట్లు దేశంలో అప్పటికి లేవనే చెప్పాలి. 1972లో పద్మశ్రీ వచ్చింది. నాకు ఆవిడ కథలో నచ్చేది ధైర్యం కాదు, ధైర్యం గురించి అందరూ చెబుతారు. కూర్చుని ఏ పని చేయొచ్చో వెతికారు చూడండి, అది. మేం రోజూ చేసేదీ ఆ వెతుకులాటే.

జైపూర్ పాదం సంగతీ అంతే. 1960లలో కృత్రిమ పాదాలంటే బూటు లోపల ఇమిడే విదేశీ నమూనాలు. బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు, చెప్పుల్లేకుండా పొలంలో దిగలేరు. జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి 1968 నాటికి రబ్బరుతో, అచ్చం పాదంలాగే ఉండేదాన్ని చేశారు. గొంతుక్కూర్చోవచ్చు, మడిలోకీ దిగొచ్చు. ఇప్పుడు షుగర్ వల్ల కాలు తీయించుకుని వస్తున్నవాళ్ళు చాలామంది. వాళ్ళకి ఒక్కటే చెబుతాను. మోకాలి కింద తీస్తే, ఎంత హాయిగా ఉన్నా మోకాలి కింద దిండు పెట్టుకోకండి. మోకాలు వంగినట్టే బిగుసుకుపోతే, ఎంత మంచి కృత్రిమ కాలైనా దానికి అమరదు.

పోలియో పోయిందనుకుంటాం. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో. కానీ చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్ళు మన మధ్యే ఉన్నారు, ఇప్పుడు నలభైలు, యాభైలు, అరవైలు. తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని, కాలికి ఆసరాగా బిగించే కాలిపర్‌తో ఉద్యోగాలు చేసి, పిల్లల్ని చదివించినవాళ్ళు. వాళ్ళలో కొందరికి ఇప్పుడు మళ్ళీ నీరసం, బాగున్న కాలు కూడా లాగడం మొదలవుతుంది. బద్ధకం కాదది. ఇన్నేళ్ళూ రెట్టింపు పని చేసిన నరాలు అలిసిపోయాయి. వాళ్ళకి కసరత్తు పెంచితే నష్టం. పని మధ్యలో విశ్రాంతి కావాలి, దూరాలకి మూడు చక్రాల బండి ఎక్కడానికి నామోషీ పడకూడదు.

ఇప్పుడు మీరెవరూ పైకి అడగనిది. పెన్షన్. మన రాష్ట్రంలో 2024 నుంచి వికలాంగుల పెన్షన్ నెలకి 6,000. పూర్తిగా మంచానికో, వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకి 15,000. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటేనే పెన్షన్. "థెరపీ చేయిస్తే బాగుపడి పర్సెంటేజీ తగ్గితే?" అని చాలా ఇళ్ళలో గుసగుస. దీన్ని డబ్బాశ అనడం నాకు నచ్చదు. కూలికి పోయే ఇంట్లో తల్లి బిడ్డ కోసం పని మానేస్తే, ఆ డబ్బే ఆమె కూలి. సర్టిఫికెట్లని మళ్ళీ పరిశీలించినప్పుడు నిజంగా లేవలేనివాళ్ళని కూడా ఆటోల్లో తెచ్చి క్యూలో పెట్టారు. భయం ఊరికే రాలేదు. కాబట్టి ఉన్నమాట చెబుతాను. స్పూను పట్టుకోవడం, నిటారుగా కూర్చోవడం నేర్చుకుంటే మెదడుకి తగిలిన దెబ్బ మాయమవదు. 80 శాతం ఉన్న బిడ్డ థెరపీ వల్ల 30కి దిగిపోవడం నేను చూడలేదు. థెరపీ మానేస్తే మాత్రం తుంటి జారుతుంది, పుండ్లు పడతాయి. ఆ ఆపరేషన్ల ఖర్చు, తిరుగుడు ఏ పెన్షనూ తీర్చదు.

బడి గురించి క్లుప్తంగా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. దగ్గర్లో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడికీ పంపండి. బడిలో ర్యాంపు ఉందా అని కాదు, ఎంత వాలుందో చూడండి. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. మన దగ్గర మెట్ల మీద సిమెంటు పోసి ర్యాంపు అంటారు. దాని మీదికి వీల్‌చైర్ తోయాలంటే పహిల్వాన్ కావాలి. (నవ్వులు) ఇంట్లో మాటకొస్తే, గడపకి పసుపు రాయండి, కాదనను. దానికి రెండు పక్కలా చెక్క వాలు పెట్టించండి, రోజుకి ఇరవైసార్లు కుర్చీ ఎత్తి దించే పని తప్పుతుంది.

నేను చెప్పదలిచింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: మేడమ్, రోజూ నూనె పెట్టి గట్టిగా తోముతున్నాం. బిగుతు తగ్గుతుందా?)

నూనె పెట్టండమ్మా, ఒంటికి మంచిదే, బిడ్డకీ హాయి. కానీ గట్టిగా, వేగంగా లాగితే ఆ బిగుతు ఇంకా ఎక్కువవుతుంది. మెల్లగా చాపి, అర నిమిషం అలాగే పట్టుకుని, మెల్లగా వదలాలి. ఏడుస్తుంటే ఆపేయండి. ఫిట్స్ మందులు వాడుతుంటే మాత్రం, ఎవరు ఏం చెప్పినా డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు.

(వెనక నుంచి ఒక పెద్దాయన: మా మనవడికి పదిహేనేళ్ళమ్మా. ఇన్నేళ్ళూ ఎక్కడా చూపించలేదు. ఇప్పుడు తెస్తే లాభముంటుందా?)

ఉంటుంది పెద్దాయనా. నడక సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేను, చూడాలి. కూర్చునే తీరు, మంచం మీంచి కుర్చీలోకి మారడం, తిండి, మాట రాకపోతే బొమ్మలు చూపించి చెప్పడం, వీటికి వయసు అడ్డం కాదు. తీసుకురండి. పాత ఎక్స్‌రేలు, చీటీలు ఏమున్నా తెండి. మందుల పేర్లు గుర్తుండకపోతే ఖాళీ డబ్బాలు తెండి. మీరు ఒక్కరే రావద్దు. రోజూ వాణ్ణి ఎవరు ఎత్తుతున్నారు, కోడలా? ఆమె కూడా రావాలి. మీ అబ్బాయి కూడా. ఎత్తడం ఇద్దరికీ నేర్పాలి.